సాల కోక

అర్జునరావు పడక్కుర్చీలో వెనక్కి వాలి పల్లెటూరి సుఖాల గురించి మొదలుపెట్టాడంటే ఎదుటివాడు లేచి పోవడం కల్ల. పోర్టులో క్రేన్ నడిపినన్నాళ్ళూ పైన గాజుగదిలో ఒక్కడే కూర్చుని, మాట్లాడే మనిషి లేక దాచుకున్న కబుర్లన్నీ, వీఆరెస్ తీసుకుని ఆనందపురం దగ్గర సొంతూరికి వచ్చాక గట్టు తెగినట్టు బయటపడ్డాయి. ఆ రోజు దొరికినవాడు గవర్రాజు. పోర్టులో ఇద్దరిదీ ఒకటే షిఫ్టు. తగరపువలసలో పెళ్ళి భోజనం చేసి ఇంటికి పోతూ, బావని ఓసారి పలకరిద్దామని స్కూటరు ఆపాడు, పాపం.

"ఏటుంది బావా మీ మద్దిలపాలెంలో? బస్సుల హారన్లు, పొగ, పేకెట్టు పాలు! ఇక్కడ సూడు. పొద్దున్న లేవగానే నురగ పాలు. మద్దేనం గడ్డ పెరుగు, గిన్ని బోర్లించినా జారదు. సాయంత్రం అరుగు మీద కూసుంటే తాటితోపు మీంచి సల్లగాలి. ఒళ్ళు కదపక్కర్లేదు బావా. అన్నీ మన దగ్గరికే వత్తాయి!"

అన్నీ అతని దగ్గరికే వచ్చే మాట నిజమే. తెచ్చేది మాత్రం సూర్యకాంతమ్మ. అతగాడు ఆ మాట అంటున్న సమయానికి ఆవిడ నెత్తిన పేడతట్ట పెట్టుకుని, రంగు వెలిసిన ఆకుపచ్చ కోక బొడ్లో దోపుకుని, వాళ్ళిద్దరి ముందు నుంచే పెంటపోగు వైపు వెళుతోంది. గవర్రాజు కాళ్ళు పక్కకి జరుపుకుని దారిచ్చాడు. అర్జునరావు అదీ చెయ్యలేదు. ఆవిడే అతని కాళ్ళు చుట్టి వెళ్ళింది.

"మరి సెల్లెమ్మకి కట్టం కాదేటి బావా?" అన్నాడు గవర్రాజు. మనిషికి కాస్త కనికరం ఉంది.

"దానికేటి కట్టం? సిటీలో అయితే నీళ్ళకి లైను, గేసుకి లైను. ఇక్కడ ఆడదానికి పనేటుంది బావా? అంతా నానే సూసుకుంటాను."

పేడతట్ట ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది. అర్జునరావు అది చూడనేలేదు. నోరు నడుస్తున్నప్పుడు అతనికి కళ్ళు పనిచెయ్యవు. "ఆదోరం మన షిఫ్టోళ్ళని అట్టుకొచ్చీ బావా. జగ్గయ్యని, నీలకంఠాన్నీ కూడా. మా బంగారి పాలు తాగి, ఆ పెరుగన్నం తిని అప్పుడు సెప్పండి," అని పిలిచేశాడు. బంగారి అంటే వాళ్ళ గేదె.

మర్నాడు పొద్దున్న సూర్యకాంతమ్మ పాలు పితికి, పాలకేంద్రంలో పోసొచ్చి, తలంటుకుని, నీలం వాయిలు చీర కట్టుకుని, చేతిసంచీతో అరుగు మీదికి వచ్చింది.

"ఎక్కడికే?" అన్నాడు అర్జునరావు కాఫీ గ్లాసు దించి.

"మద్దిలపాలెం. అప్పింటికి."

"ఆదోరం మనుసులొత్తారు గదే!"

"రానీ. నాకిక్కడ పనేటుంది మావా? అంతా నువ్వే సూసుకుంటావు గదా. పని లేని మనిసి ఎక్కడుంటే ఏటి?"

కోపంగా అన్నా బాగుండేది, నాలుగు మాటలు అని కూర్చోబెట్టేవాడు. ఆవిడ మామూలుగా, పక్కూరి సంతకి వెళ్ళేదానిలాగే చెప్పి, రోడ్డు మీద ఆగిన ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

పోతే పోనీ, సాయంత్రానికి అదే వస్తుంది అనుకున్నాడు అర్జునరావు. అయినా మగాడు తలుచుకుంటే ఒక ఇల్లూ ఒక గేదే ఎంత? నలభై టన్నుల బరువు గాల్లో ఆడించిన చేతులివి! ఎక్కడ మొదలుపెడదామా అని చుట్టూ చూస్తే, పశువుల సాలలో దండెం మీద ఆ ఆకుపచ్చ కోక కనిపించింది. పేడ మరకలు, పాల చారికలు, తవుడు, పొయ్యి మసి, ఇవన్నీ కలిసిన ఒక వాసన. ఆదివారం గవర్రాజు వాళ్ళు వచ్చి ఈ గుడ్డని చూస్తే ఏమనుకుంటారు? దాన్ని సబ్బుపొడిలో నానబెట్టి, రాతి మీద బాది బాది ఉతికి, గంజి కూడా పెట్టి ఆరేశాడు. కోక కొత్తదానిలా అయింది. మనిషి మురిసిపోయాడు. ఊళ్ళో ఇంకే పని పెట్టుకున్నా ఇంత తిప్పలు వచ్చేది కాదు.

సాయంత్రం చెంబు పట్టుకుని సాలలోకి వెళ్ళాడు. బంగారి తల తిప్పి చూసింది. అతని వెనక్కి చూసింది. మళ్ళీ అతన్ని చూసింది. సూర్యకాంతమ్మ రాలేదని రూఢి చేసుకున్నాక తోకతో మొహం మీద ఒక్కటిచ్చింది.

దూడని వదిలాడు. దూడ నాలుగు గుద్దులు గుద్దేసరికి గేదె చేపింది, పొదుగులోకి పాలు దిగాయి. ఇదే అదను అని దూడని లాగి గుంజకి కట్టి, గొంతుక్కూర్చుని చన్ను పట్టుకున్నాడు. బంగారి పాలు పైకి ఎగబిగించేసింది. ఎంత లాగినా చుక్క లేదు. చెంబు మాత్రం కాలి తాపుకి సాల అవతల పడింది.

చప్పుడు విని పక్కింటి దేముడమ్మ వచ్చింది. వయసు మీద పడ్డా నోటి జోరు తగ్గని మనిషి. "నెగు, నాను సూత్తాను," అని కూర్చుంది. బంగారి ఆవిడని తలతో ఒక్క నెట్టు నెట్టి గడ్డిమేట మీద కూర్చోబెట్టింది.

"దీనికి సూరికాంతం కావాల," అంది దేముడమ్మ గడ్డి దులుపుకుంటూ. "లేపోతే సూరికాంతం కోకైనా కావాల. కోక కట్టుకుని కూకో, ఇచ్చీద్ది."

"నానా? కోకా?"

"ఏం, మీ బాబు కట్టలేదేటి? మీ యమ్మ పురిటికెల్తే మీ గేదె మీ బాబుని దగ్గరికి రానిచ్చింది కాదు. మీ యమ్మ కోక కట్టుకుని పొద్దూ మాపూ పితికినాడు. ఊరంతా సూసినాం. ఆ కడుపులో ఉన్నోడివి నువ్వేరా!"

అర్జునరావుకి ఆ సంగతి ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు. చెప్పకపోవడమే మంచిదైంది.

"సాల కోకేదీ?" అంది దేముడమ్మ. అతను దండెం వైపు చూపించాడు. ఆవిడ కోక కొంగు ముక్కు దగ్గర పెట్టుకుని, "ఓలమ్మ! సబ్బెట్టి ఉతికీసినావా? గంజి కూడానా?" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆపుకోలేక కాసేపు గుంజ పట్టుకుని నవ్వింది.

మర్నాడు తెల్లవారకముందే, ఊరు లేవకముందే, అర్జునరావు తలుపేసుకుని ఆ కోక చుట్టుకున్నాడు. గంజి కోక అతని చుట్టూ బొంగరంలా నిలబడింది. దగ్గరికి వెళ్ళాడో లేదో బంగారి ముక్కు పుటాలు ఎగరేసి, ఫుర్రున చీది, పలుపు తెంపుకోబోయింది. ఆ సబ్బు వాసనకి దానికి తిక్క రేగింది.

ఇక నవ్వులాట కాదని అప్పుడు అర్థమైంది అతనికి. దూడ తాగినంత తాగి వదిలేసింది. పొదుగు బిగుసుకుపోయి, చెయ్యి వేస్తే వేడిగా ఉంది. బంగారి కాలు మార్చి కాలు వేస్తూ మూలుగుతోంది. ఇలాగే ఇంకో రెండు రోజులు గడిస్తే పొదుగు వాచి, గేదె ఎందుకూ కొరగాకుండా పోతుంది. ఆదివారం పరువు సరే, ఈ మూగజీవం బాధ తన మూలంగానే కదా అని మొదటిసారి అర్జునరావు గుండె కలుక్కుమంది. సైకిలేసుకుని ఆనందపురం జంక్షన్లో ఎస్టీడీ బూతుకి పరిగెత్తాడు.

మద్దిలపాలెంలో ఫోను ఎత్తింది సూర్యకాంతమ్మ అక్క రామలక్ష్మమ్మ.

"సూరికాంతాన్ని ఓసారి పిలు వదినా."

"టీవీ సూత్తంది మరిదీ. ఫేను కింద కాళ్ళు సాపుకుని కూకుంది, లెగనంటంది."

"బంగారి పాలివ్వట్లేదు, పొదుగు బిగిసిపోయిందని సెప్పు వదినా! తొరగా రమ్మను!"

రిసీవరు పక్కన పెట్టిన చప్పుడు. సీరియల్లో ఎవరో ఏడుస్తున్నారు. ఆ తర్వాత రామలక్ష్మమ్మ గొంతు. "పని లేని మనిసితో మీకు పనేటి అని అడగమంది."

అర్జునరావు రిసీవరు ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకున్నాడు.

"ఇంకోటి సెప్పమంది మరిదీ. గేదెకి నువ్వు కొత్త. దాంతో పాటు ఉండమంది. అంతే." ఫోను పెట్టేసింది.

ఇంటికొచ్చి దేముడమ్మని అడిగాడు. ఆవిడ చుట్ట కొస తుంచి, తీరిగ్గా చెప్పింది. "కోకకి వాసనెక్కాల. సూరికాంతం పొద్దున్నుంచి ఏటేటి సేత్తాదో అయ్యన్నీ ఆ కోకతోనే సెయ్యి. రేపటికి అదే వత్తాది."

"ఏటేటి సేత్తాది?" అన్నాడు అర్జునరావు.

దేముడమ్మ చుట్ట నోట్లోంచి తీసి అతని మొహంలోకి చూసింది. "తెలదేటి నీకు?" అంది. ఈసారి ఆవిడ నవ్వలేదు.

తెలీదు. పితికిన పాలు గ్లాసులోకి ఎలా వస్తాయో తెలుసు, అంతే. దేముడమ్మ గోడ మీదుగా ఒక్కొక్కటే చెబుతుంటే, అతను కోక కట్టి, కొంగు బొడ్లో దోపి, ఒక్కొక్కటే చేశాడు. పేడకళ్ళు చేత్తో ఎత్తి తట్టలో వేసి పెంటపోగుకి మోశాడు. తట్ట నెత్తిన నిలవక సగం భుజాల మీద పడింది. "మంచిదే, వాసనెక్కుద్ది," అంది దేముడమ్మ. గేదె మూత్రం పారే కాలువ కడిగాడు. గోలెంలో తవుడు, తెలకపిండి కలిపి మోచేతి దాకా పిసికాడు. పొలంగట్టుకి పోయి పచ్చగడ్డి కోసి మోపు కట్టాడు. మోపు ఎత్తుకునేటప్పుడు క్రేను గుర్తొచ్చింది. అక్కడ మీట నొక్కితే బరువు లేచేది, ఇక్కడ నడుం లేవాలి. బంగారిని చెరువుకి తోలి పీచుతో తోమాడు. అది నీళ్ళలోంచి రానని కూర్చుంటే బతిమాలాడు. పొయ్యి ముందు కూర్చుని ఊదాడు. కళ్ళనీళ్ళు కోకకే తుడుచుకున్నాడు. పిడకలు కొట్టాడు. అతని పిడకలు గోడని పట్టుకోకుండా ఒక్కొక్కటే జారి పడ్డాయి.

దారినపోయేవాళ్ళు మొదట నవ్వారు. తర్వాత అతనికి వాళ్ళ నవ్వు చూసుకునే తీరిక లేకపోయింది. అరుగు మీద పడక్కుర్చీ ఖాళీగా ఉందని కోడిపెట్ట ఒకటి అందులో ఎక్కి కూర్చుంది. దాన్ని అదిలిద్దామనుకుంటూనే రెండు పూటలు గడిచిపోయాయి.

ఇంకో చిక్కు కూడా అతనే కనిపెట్టాడు. సూర్యకాంతమ్మ పితికేటప్పుడు గాజులు గలగలమంటాయి. ఆవిడ గాజులు అతని వేళ్ళు కూడా దాటవు. ఆలోచించి, పాత పనిముట్ల డబ్బాలోంచి వాషర్లు ఏరి, తీగకి గుచ్చి మణికట్టుకి చుట్టుకున్నాడు. చెయ్యి ఊపితే గలగలమన్నాయి. ఇంత తెలివి పోర్టులో చూపిస్తే ఫోర్‌మన్ని చేసేవారు.

శనివారం సాయంత్రం బంగారి ఆ కొంగుని చాలాసేపు వాసన చూసింది. చీదలేదు. దూడని వదిలి, లాగి కట్టి కూర్చుంటే, కాసేపు బిగించి, ఆ తర్వాత పోనీలే అన్నట్టు ఒక గ్లాసుడు వదిలింది. ఆ గ్లాసుడు పాలు చూసి అర్జునరావుకి నిజంగా కళ్ళు చెమర్చాయి. దాని మెడ కింద గోకుతూ, "రేపు మిగిలింది కూడా ఇచ్చీ తల్లీ, సుట్టాలొత్తారు," అని బతిమాలాడు.

ఆదివారం పొద్దున్న బంగారి చేపింది. మొదట సన్నగా, తర్వాత రెండు చేతులకీ ధారలు పడి, చెంబులో నురగ లేచి, జుంయ్ జుంయ్ మని చప్పుడు. అర్జునరావు గేదె డొక్కకి తల ఆనించి, కొంగు నెత్తి మీదుగా లాక్కుని, ఊపిరి బిగబట్టి పితుకుతున్నాడు. మధ్యలో లేచినా, నోరెత్తినా ఇది మళ్ళీ ఎగబిగిస్తుందని దేముడమ్మ మరీమరీ చెప్పింది.

సరిగ్గా అప్పుడే వీధిలో ఆటో ఆగింది. పదింటికి వస్తారనుకున్నవాళ్ళు పెందరాళే వచ్చేశారు. నురగ పాలు పొద్దున్నే తాగాలని గవర్రాజు తొందరట. ముగ్గురూ నేరుగా సాల దగ్గరికే వచ్చారు.

"సెల్లెమ్మా, బావేడి?" అన్నాడు గవర్రాజు వెనక నుంచి. "ఇంకా తొంగున్నాడేటి?"

అర్జునరావు కొంగు ఇంకాస్త ముందుకి లాక్కున్నాడు. వాషర్లు గలగలమన్నాయి.

"పాపం, పలకడానికి కూడా తీరుబడి లేదు మనిసికి," అన్నాడు నీలకంఠం. "అన్నీ ఒక్కర్తే సేసుకుంటంది. నీకు పనేటీ లేదని సెప్పేడంట గదమ్మా మొన్న?"

"సెప్పేడు, నా ముందే సెప్పేడు," అన్నాడు గవర్రాజు. "పేడతట్ట నెత్తినెట్టుకుని ఈ యమ్మ ఎల్తంటే ఆ మాటన్నాడు. నాకు సిగ్గేసింది సెల్లెమ్మా. ఆ రేతిరి మా ఇంటికెల్లి అంట్లు నానే తోమీసినాను."

జగ్గయ్య తక్కువ మాటల మనిషి. పోర్టులో కింద నిలబడి క్రేనుకి సిగ్నల్ ఇచ్చేవాడు. "క్రేన్లోనూ అంతే గదా," అన్నాడు మెల్లగా. "ఎండలో గొంతు సించుకుని సెయ్యూపింది నాను. గొలుసు తగిలించింది ఖలాసీలు. బరువు నానెత్తీసినానని కేంటీన్లో సెప్పుకునేది ఈడు. అయినా మంచోడేలే, పాపం. ఎవులూ సెప్పలేదు గావాల ఆడికి."

అర్జునరావుకి చెవులు కాలిపోయాయి. ఒరే జగ్గా, ఆ మాట అప్పుడే అనొచ్చు గదరా అని అరవాలనిపించింది. పాలు ధారగా పడుతున్నాయి. నోరెత్తితే ఆగిపోతాయి. అన్నేళ్ళ సర్వీసులో, ఇన్నాళ్ళ సంసారంలో మొదటిసారి నోరు మూసుకుని ఎదుటివాళ్ళ మాట చివరిదాకా విన్నాడు.

"ఎవులితో మాటాడతన్నారన్నయ్యా?"

ముగ్గురూ వెనక్కి తిరిగారు. నీలం వాయిలు చీర, చేతిసంచీ. సూర్యకాంతమ్మ. మళ్ళీ ఇటు తిరిగారు. ఆకుపచ్చ కోక. మళ్ళీ అటు. నీలకంఠం అయితే భయపడి రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆఖరి చుక్క పడింది. అర్జునరావు నిండు చెంబు పట్టుకుని లేచి నిలబడ్డాడు. కొంగు జారింది. కోర మీసాలు, వాటి నిండా తవుడు.

"ఓర్నాయనో, బావా!" అని గవర్రాజు గడ్డిమేట మీద కూలబడ్డాడు. జగ్గయ్య గోడ వైపు తిరిగి భుజాలు అదిరేలా నవ్వాడు. గోడ అవతల నుంచి దేముడమ్మ నవ్వు కూడా కలిసింది.

సూర్యకాంతమ్మ నవ్వలేదు. పెదవి బిగబట్టి అతన్ని ఎగాదిగా చూసింది. రంగు తేలిన కోక, దాని మీద కొత్త మరకలు, మణికట్టున వాషర్లు, బొబ్బలెక్కిన అరచేతులు. దగ్గరికి వెళ్ళి బంగారి పొదుగు మీద చెయ్యి వేసింది. మెత్తగా ఉంది. ఎవరికీ వినబడకుండా ఊపిరి వదిలింది. రాత్రంతా మద్దిలపాలెంలో ఫేను కింద నిద్రపట్టక దొర్లింది ఆ పొదుగు గురించేనని ఆవిడ ఒక్కదానికే తెలుసు.

"సుట్టాలొచ్చేరు. కాఫీ ఎట్టు మావా," అంది.

అని, అరుగెక్కి, కోడిపెట్టని అదిలించి, పడక్కుర్చీలో కూర్చుంది. ఈ ఇంట్లో ఆ కుర్చీని ఎన్నోసార్లు దులిపింది గానీ, అందులో కూర్చోవడం అదే మొదలు. అంత వెనక్కి వాలుతుందని కూడా ఆవిడకి తెలీదు. సర్దుకుని, కాళ్ళు చాపింది.

గవర్రాజు కళ్ళు తుడుచుకుంటూ అరుగు మీద కూర్చుని, "ఎలగుంది సెల్లెమ్మా పల్లెటూరు?" అన్నాడు.

"ఏటుందన్నయ్యా మీ మద్దిలపాలెంలో?" అంది సూర్యకాంతమ్మ. "బస్సుల హారన్లు, పొగ, పేకెట్టు పాలు! ఇక్కడ సూడు. పొద్దున్న లేవగానే నురగ పాలు. మద్దేనం గడ్డ పెరుగు, గిన్ని బోర్లించినా జారదు. సాయంత్రం ఇక్కడ కూసుంటే తాటితోపు మీంచి సల్లగాలి. ఒళ్ళు కదపక్కర్లేదు. అన్నీ మన దగ్గరికే వత్తాయి."

వంటింట్లో పొగ మధ్య పొయ్యి ఊదుతున్న అర్జునరావుకి ఒక్కొక్క మాటా వినబడుతోంది. తన మాటలే. ఒక్కటీ పొల్లు పోలేదు.

"మరి బావకి కట్టం కాదేటి?" అన్నాడు గవర్రాజు, నవ్వు దాచుకుని.

"ఆయనకేటి కట్టం? ఇక్కడ మగోడికి పనేటుందన్నయ్యా? అంతా నానే సూసుకుంటాను."

అరుగు అదిరిపోయేలా నవ్వారు. అర్జునరావు కాఫీ గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని, కోక కుచ్చిళ్ళు కాళ్ళకి అడ్డం పడకుండా ఎత్తి పట్టుకుని బయటికొచ్చాడు. మొదటి గ్లాసు గవర్రాజుకి ఇవ్వబోయి, ఆగి, కుర్చీ వైపు తిరిగి సూర్యకాంతమ్మకి ఇచ్చాడు. ఆవిడ ఒక గుక్క తాగింది. "పంచదార సాల్లేదు. పాలు మాత్రం బాగున్నాయి," అంది. అప్పుడు నవ్వింది. అతని మీసాల్లో తవుడు చూసి కాబోలు, కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది.

చుట్టాలు పెరుగన్నం తిని, ఎండ తగ్గాక వెళ్ళిపోయారు. సాయంత్రం సూర్యకాంతమ్మ చెంబు పట్టుకుని సాలలోకి వెళ్ళింది. బంగారి ఆవిడని వాసన చూసింది. నీలం చీర, సిటీ సబ్బు, తలకి రాసుకున్న రామలక్ష్మమ్మ వాళ్ళ సెంటు నూనె. ఫుర్రున చీది, తల తిప్పి అర్జునరావు కోసం చూసింది.

"ఈ కోక కట్టుకో," అన్నాడు అర్జునరావు ఆశగా, కొంగు విప్పుతూ. "నీదే గదా. రెండు నిమిసాల్లో ఇచ్చీద్ది."

సూర్యకాంతమ్మ కోక వైపు చూసింది. బంగారి వైపు చూసింది. చెంబు అతని చేతిలో పెట్టింది.

"దానికి నువ్వు అలవాటైపోనావు మావా. మూగజీవి. దాన్ని ఇంకోపాలి ఇబ్బంది ఎట్టడం ఎందుకు?" అని అరుగు వైపు నడిచింది.

ఆ రోజు నుంచి ఆకుపచ్చ కోక దండెం మీద కాకుండా అతని పాత పోర్టు చొక్కా పక్కన మేకుకి వేలాడుతోంది. మర్నాడు పొద్దున్న అర్జునరావు ఎవరూ చెప్పకుండానే లేచి, దాన్ని తీసి కట్టుకుని, వాషర్లు తొడుక్కుని సాలలోకి వెళ్ళాడు. ఉతకడం మాత్రం మళ్ళీ ఎప్పుడూ చెయ్యలేదు.